రూతమ్మ గ్లౌజులు

మా పెద్దడాక్టరు గారింట్లో ఫ్రిజ్జుకి తాళం ఉండేది. తాళంచెవి ఆయన భార్య కృష్ణకుమారి గారి కొంగున ఉండేది. లోపల ఏముంటాయో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. పేషెంట్ల తాలూకు వాళ్లు తెచ్చిచ్చిన గేదెపెరుగు, నాటుకోడి గుడ్లు, సీజనులో బత్తాయిలు. 1987 జనవరిలో మాత్రం వాటి పక్కనే ఆరుగురి ప్రాణాలకి పూచీ కూడా పెట్టి తాళం వేశారు. పెట్టిన చోటు తప్పు. పెట్టినాయన తప్పు. చూసి నోరుమూసుకున్న నాది అంతకంటే పెద్ద తప్పు. నన్ను నేను చివర్లో తిట్టుకుంటాను. ముందు తిట్టాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు.

నా పేరు లీలావతి. అప్పట్లో మాచర్ల రైలు లైను మీద ఒక ఊళ్లో సర్కారు ఆసుపత్రి స్టాఫ్ నర్సుని. బోర్డు మీద ముప్ఫై పడకల ఆసుపత్రి అని రాసి ఉంటుంది. ఉన్నవి ఇరవై రెండు మంచాలు, మిగతావి వరండాలో పరిచిన చాపలు. చాపని కూడా పడక అనుకోవాలని పైవాళ్ల ఉద్దేశం కాబోలు.

వాడి పారేసే సూదులు ఆ రోజుల్లో మా దాకా రాలేదు. గాజు సిరంజీలు, స్టీలు సూదులు. పొద్దున ఒకడికి గుచ్చిన సూదిని కడిగి, మరగబెట్టి, మధ్యాహ్నం ఇంకొకడికి గుచ్చేవాళ్లం. మొన మొద్దుబారితే రాతి మీద నూరి పదును పెట్టాలి. బొక్కలో నెత్తురు గడ్డకడితే సన్నతీగ దూర్చి తియ్యాలి. ఈ పనంతా చేసేది రూతమ్మ.

అంతకుముందు ఆ పని ఆమె భర్త దానయ్యది. నాపరాళ్ల క్వారీ మేస్త్రి ఒకడు పచ్చకామెర్లతో వచ్చి చేరాడు. వాడికి వాడిన సూదిని నూరుతుంటే అది దానయ్య బొటనవేల్లో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్లీ నూరుకోసాగాడు. మూడు నెలలకి కళ్లు పచ్చబడ్డాయి. రాజుపాలెం తీసుకెళ్లి పసరు తాగించారు, ఉప్పు మాన్పించారు, చివరికి గుంటూరు తీసుకెళ్లారు. అప్పటికే పొట్ట ఉబ్బింది. పోయాడు. "ఎక్కడేం తాగాడో, ఏం తిన్నాడో" అని మా పెద్దడాక్టరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. దానయ్య చుట్ట తప్ప ఇంకోటి ముట్టిన మనిషి కాదు. ఆ తర్వాత దయతలచి అదే పని, అదే రాయి, అవే సూదులు రూతమ్మకిచ్చారు, రోజుకూలీ మీద. తన దయ సంగతి ఆయన నెలకోసారైనా నలుగురి ముందూ గుర్తుచేసేవారు.

రూతమ్మకి ఎవరూ ఏమీ నేర్పలేదు. మొగుడి చావు చూసి తనే ఒక పద్ధతి పెట్టుకుంది. వాడిన సూదిని చేత్తో ముట్టుకునేది కాదు. పట్టకారుతో తీసి ముందొకసారి మరగబెట్టేది. ఆ తర్వాతే కడగడం, తీగ దూర్చడం, నూరడం. అన్నీ అయ్యాక మళ్లీ మరగబెట్టేది. చేతులకి ఒకదాని మీద ఒకటి రెండు జతల గ్లౌజులు వేసుకునేది. అవి ఆపరేషన్ థియేటర్లో చిల్లులు పడితే పారేసినవి. వాటిని ఏరుకుని జమాల్ సైకిల్ షాపుకి తీసుకెళ్లి, ట్యూబుకి పంచరు వేసినట్టు అతుకులు వేయించుకునేది. పనయ్యాక కడిగి, పౌడరు చల్లి, వేళ్లు విడదీసి కిటికీకి ఆరేసేది. ఎర్రటి అతుకులతో ఊగుతున్న ఆ చేతుల్ని చూసి కొత్తగా వచ్చిన పేషెంట్లు జడుసుకునేవాళ్లు.

రెండుసార్లు మరగబెట్టేసరికి గంటన్నర పట్టేది. ఓపీలో జనం గొణిగేవాళ్లు. పెద్దడాక్టరు గారు లోపల్నించి కేకేసేవారు.

"ఏమే రూతమ్మా! సూదులు వండుతున్నావా, బిర్యానీ వండుతున్నావా?"

"వండాల్సిందే సార్," అనేది రూతమ్మ తలెత్తకుండా. "పచ్చివి ముట్టుకోబట్టే మా ఆయన పోయాడు."

ఆయనకి ఆ జవాబు నచ్చేది కాదు. కానీ కడిగేవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి ఊరుకునేవారు.

జనవరి ఆఖర్లో గుంటూరు నించి జీపులో ఒక చిన్న థర్మోకోలు పెట్టె వచ్చింది. నెత్తురు ద్వారా అంటుకునే కామెర్లు రాకుండా ముందుగానే వేసుకునే టీకా అది. విదేశాల్లో ఎవరో సేవాసంస్థ వాళ్లు ఇచ్చారట. పద్దెనిమిది చిన్న బుడ్లు. మనిషికి మూడేసి వెయ్యాలి. ఇప్పుడొకటి, నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. అంటే ఆరుగురికి సరిపోతుంది. నెత్తురుతోనూ సూదులతోనూ పనిచేసే సిబ్బందికి మాత్రమే వెయ్యాలని కూడా వచ్చిన ఉత్తరంలో స్పష్టంగా రాశారు.

ఆరుగురి జాబితా హెడ్డుక్లర్కు ఏలియా గారు పది నిమిషాల్లో తయారు చేశారు. పేషెంటుకి దుప్పటి కావాలంటే నాలుగు రోజులు తీసుకునే మనిషి ఆయన. మొదటి పేరు పెద్దడాక్టరు గారిది. సరే, ఆయన డాక్టరే కదా అనుకుందాం, నెత్తురు చూస్తే మొహం తిప్పుకున్నా సరే. రెండోది కృష్ణకుమారి గారిది. ఆవిడ ఏటా పంద్రాగస్టుకి వార్డులో బ్రెడ్లు పంచుతుంది కాబట్టి ఆసుపత్రి సేవకురాలట. మూడోది డాక్టరు గారి బావమరిది. క్వారీ యజమాని, ఆసుపత్రి సలహా సంఘంలో సభ్యుడు. ఆయన సలహా చెప్పగా నేనెప్పుడూ వినలేదు, టీ తాగగా చూశాను. నాలుగోది ఏలియా గారిదే. ఆయన చేతిలో దిగే ప్రమాదమున్న సూది ఏదైనా ఉంటే అది ఫైలుకి గుచ్చే గుండుసూది. ఐదోది పెట్టె తెచ్చిన జీపు డ్రైవరు. ఆరోది నేను. గుచ్చాల్సిన మనిషిని బయట పెడితే గుచ్చేటప్పుడు చెయ్యి వణుకుతుందని భయపడి వేశారనుకుంటాను.

మందులూ టీకాలూ చూసే ఫార్మసిస్టు నాగూర్ వలి పేరు జాబితాలో లేదు. ఆయన అడగనూ లేదు. నోట్లో నాలుక లేని మనిషి. పెట్టెలోంచి ఒక బుడ్డి తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. నేనూ చూశాను. పల్చటి మజ్జిగలాగా, ఎక్కడా ఒక్క పలుకు లేకుండా, సమంగా ఉంది.

"సార్, ఇది మన ఆసుపత్రి ఫ్రిజ్జులో కింది అరలో పెడతా," అన్నాడు వలి. "గడ్డకట్టకూడని రకమేమోనని నా అనుమానం. పెట్టెలో వచ్చిన ఈ కాయితం సదివి చెప్తా."

"పోలియో మందు ఎక్కడ పెడతావయ్యా?" అన్నారు పెద్దడాక్టరు గారు.

"ఫ్రీజర్లో సార్."

"గడ్డకట్టిస్తావా లేదా?"

"కట్టిస్తా సార్."

"అదీ టీకానే, ఇదీ టీకానే. నాకు డాక్టరీ నేర్పుతావా నువ్వు?"

ఏలియా గారు పగలబడి నవ్వారు. జీపు డ్రైవరు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. వలి చెవులు ఎర్రబడ్డాయి. పెద్దడాక్టరు గారు ఆ కాయితాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేసి, ఆసుపత్రిలో పెడితే తెల్లారేసరికి సగం మాయమవుతాయని పెట్టెని ఇంటికి పంపించారు. కృష్ణకుమారి గారు దాన్ని పై అరలో, ఐసుముక్కల పళ్లెం పక్కన పెట్టి, తాళం వేసుకున్నారు. విలువైన వస్తువు ఎంత చల్లగా ఉంటే అంత భద్రమని వాళ్ల నమ్మకం.

జాబితా చూసినప్పట్నించీ నాకు కడుపు మండిపోతోంది. సూదులు ముట్టుకునేది రూతమ్మ. అదే పనిలో మొగుణ్ణి పోగొట్టుకున్నది రూతమ్మ. ఆ ఉత్తరం ఆమె కోసమే రాసినట్టుంది. మర్నాడు పొద్దున్నే పెద్దడాక్టరు గారి గదిలోకి వెళ్లి ఆ మాట అడిగాను. ఏలియా గారు అక్కడే ఉన్నారు.

"రూతమ్మ సిబ్బంది కాదమ్మా," అన్నారు ఏలియా గారు. "రోజుకూలీ. ఉత్తరంలో సిబ్బంది అని ఉంది."

"డాక్టరు గారి బావమరిది సిబ్బందా?"

పెద్దడాక్టరు గారు కళ్లజోడు తీసి నా వంక చూశారు. "ఉన్నవి ఆరు. ఆరూ నిండినయ్. అంత జాలిగా ఉంటే నీది ఇచ్చెయ్."

నేను ఇవ్వననుకున్నారు. తలుపు దగ్గర వలి, ఇద్దరు ఆయాలు నిలబడి వింటున్నారు. వాళ్లు వింటున్నారని నాకు తెలుసు. "ఇస్తాను. రాసుకోండి," అన్నాను.

ఆ ఒక్క మాటతో నేను ఊళ్లో గొప్పదాన్నయిపోయాను. ఆదివారం చర్చిలో పాస్టరు గారు నా పేరెత్తి, తన వంతు తీసి పేదరాలికిచ్చిన సహోదరి అని ప్రసంగంలో చెప్పారు. వెనక బెంచీలో కూర్చున్న రూతమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ముందు బెంచీలో ఏలియా గారు కూడా తలూపారు, తనే ఇప్పించినట్టు. నాకెంత బాగుందో చెప్పలేను. మెడ నిక్కించుకుని ఇంటికి నడిచాను.

ఫిబ్రవరి మొదటి సోమవారం మొదటి సూది. డాక్టరు గారింటి నించి ఆరు బుడ్లు టిఫిను క్యారియర్లో ఐసుముక్కల మధ్య వచ్చాయి. రాయిలా బిగుసుకున్నాయి. చేతుల్లో పెట్టుకుని కరిగించాను. కరిగాక చూస్తే వారం కింద చూసిన మజ్జిగలాంటి మందు కాదు. పాలు విరిగినట్టు తెల్లటి నలుసులు, పైన తేట. ఊపాను. నలుసులు లేచి, తిరిగి, నిమిషంలో మళ్లీ అడుక్కి దిగాయి. ఇంకోటి తీశాను. అదీ అంతే. వలి అన్న మాట గుర్తొచ్చింది.

"ఏమైంది సిస్టర్?" అన్నారు పెద్దడాక్టరు గారు చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.

ఆ క్షణంలో ఒక్క మాట అంటే సరిపోయేది. మందు చెడిపోయిందండీ, అని. అంటే ఆరుగురికీ సూది ఉండదు. రూతమ్మకీ ఉండదు. నేను పోట్లాడి గెలిచింది, చర్చిలో చెప్పించుకున్నది, అంతా గాల్లో కలిసిపోతుంది. పైగా వలి కంటే నేనే ఎక్కువ తిట్లు తినాలి. నాకేం తెలుసు, బాగా ఊపితే కలిసిపోతుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. "ఏం లేదు సార్," అన్నాను.

అయిదుగురికీ వేశాను. బావమరిది గారు అంత పెద్ద మీసాలు పెట్టుకుని కెవ్వుమన్నారు. ఆఖరున రూతమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, పండగకొచ్చినట్టు వచ్చింది. ఆమె బుడ్డిని అందరి బుడ్ల కంటే ఎక్కువసేపు ఊపాను. ఆమె నా చేతుల వంకే చూస్తోంది.

"సిస్టరమ్మా, అప్పుడు మా ఆయనకి ఇది పడుంటే బతికేవాడా?"

"బతికేవాడు రూతక్కా," అన్నాను, అంత ధైర్యంగా. అని, సూది దించాను.

మర్నాడే ఏలియా గారు ఒక కాయితం తెచ్చి స్టెరిలైజేషన్ గది గోడకి అంటించారు. టీకా వేయించుకున్నవారికి గ్లౌజులు అవసరం లేదు, వాడిన సూదులు ఒక్కసారి మరగబెడితే చాలు, కిరసనాయిలు వృథా చేయరాదు. కింద పెద్దడాక్టరు గారి సంతకం.

"ఏమే, గ్లౌజులు ఇటియ్యి," అన్నారు ఏలియా గారు.

"నాయి గదయ్యా. పారేసినయి ఏరుకున్నా."

"పారేసినయి కూడా సర్కారు సొత్తే. నీకంత ఖరీదైన సూది పొడిపించింది ఎందుకనుకున్నావ్, ఇంకా గంటన్నర సేపు సూదులు వండుకోడానికా?"

రూతమ్మ గ్లౌజుల్ని ఒళ్లో పెట్టుకుని నా వంక చూసింది. ఏలియా గారి మాట ఆమె ఎలాగూ వినేది కాదు. ఆయన ఆదివారం చర్చిలో బైబిలు చదివేటప్పుడు కూడా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తుండేది. నా మాట కోసం ఆగింది.

"ఇచ్చెయ్ రూతక్కా," అన్నాను. "టీకా పడింది కదా. ఇంకేం భయం?"

ఇచ్చేసింది. ఏలియా గారు రెండు జతల్నీ ఉండచుట్టి, తన బీరువాలో పాత ఫైళ్ల కింద తోసి, తాళం వేసుకున్నారు. మా ఊళ్లో ఎవరికి ఏది దొరికినా ముందు తాళం వేస్తారు, వాడతారా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఆ మరుసటి రోజు నించి రూతమ్మ పని అరగంటలో అయిపోయేది. వాడిన సూదుల్ని ఒట్టి చేతుల్తో నీళ్లలో కడిగి, తీగ దూర్చి, నూరి, ఆఖరున ఒక్కసారి మరగబెట్టేది. ఓపీలో జనం గొణగడం మానేశారు. పెద్దడాక్టరు గారు సంతోషించి, "ఇప్పుడు దారికొచ్చింది," అన్నారు. మార్చిలో రెండో సూది వేశాను. మళ్లీ అవే నలుసులు. ఈసారి ఊపి చూడను కూడా లేదు. మొదటిసారి చూసి ఊరుకున్నదాన్ని, రెండోసారి చూడకుండా ఉండటం చాలా తేలికైంది.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు రూతమ్మ వేలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. చూపుడువేలి చివర ఎర్రటి చుక్క.

"నూరతంటే జారింది సిస్టరమ్మా. మూడో మంచం ఆయన సూది. ఆయనకి కామెర్లేగా?"

"అవును," అన్నాను. దూది తీసి స్పిరిటుతో అద్దాను. "నువ్వేం బెంగపెట్టుకోకు. రెండు సూదులు పడ్డాయి నీకు."

"అదేలే. అందుకే గదా నీ వంతు నాకిచ్చింది," అని నవ్వి వెళ్లిపోయింది. దానయ్య వేలు చప్పరించుకున్న సంగతి నాకు ఆ రోజంతా గుర్తొస్తూనే ఉంది. అయినా ఒక్కరికీ చెప్పలేదు.

ఆగస్టు మొదటి సోమవారం మూడో సూది. కృష్ణకుమారి గారు పట్టుచీర కట్టుకొచ్చారు. అటునించి అటే మాచర్లలో ఏదో పెళ్లికి వెళ్లాలట. క్యారియర్ మూత తీస్తున్నాను. అప్పుడు వచ్చింది రూతమ్మ. నాలుగు రోజులుగా జ్వరమని పనిలోకి రాలేదు. గోడ పట్టుకుని నడిచొచ్చి స్టూలు మీద కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, తలెత్తి నా వంక చూసింది. రెండు కళ్లూ పసుపు ముద్దల్లా ఉన్నాయి.

కృష్ణకుమారి గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"నీళ్ల వల్ల వచ్చి ఉంటుంది," అన్నారు పెద్దడాక్టరు గారు. "కాలవ నీళ్లు తాగుతారు వీళ్లు."

"ఉప్పు మానెయ్యవే," అన్నారు ఏలియా గారు.

నా వెనక నించి ఒక చెయ్యి వచ్చి నా ముందు బల్ల మీద ఒక కాయితం పెట్టింది. నాగూర్ వలి. మడతలు పడి, చెమటకి మెత్తబడి ఉంది. ఆ రోజు చెత్తబుట్టలో పడిన కాయితమే. ఏరుకుని ఆరు నెలలు జేబులో పెట్టుకు తిరిగాడు. మధ్యలో ఇంగ్లీషులో, లావు అక్షరాల్లో ఉన్న ముక్కని నేను తెలుగులో పైకి చదివాను. ఈ మందును గడ్డకట్టనివ్వరాదు. గడ్డకట్టినచో పనిచేయదు, పారవేయవలెను.

"ఇన్నాళ్లూ జేబులో పెట్టుకున్నావా?" అన్నాను వలితో. నా కోపం ఎవరో ఒకరి మీద పడాలి. మెత్తగా ఉన్నాడు కదా అని ఆయన మీద పడ్డాను.

"మొదటి రోజే చెప్పా గద సిస్టర్," అన్నాడు వలి చిన్నగా. "మీరు కూడా నవ్వారు."

పెద్దడాక్టరు గారు కాయితం లాక్కుని ఒకసారి చూసి, అది పాత రకం మందుకి రాసిన కాయితమని, ఇప్పటి మందులు అలా ఉండవని చెప్పారు. ఎవరికి చెప్పారో తెలియదు. అప్పుడు బావమరిది గారు గొంతు సవరించుకుని ఒక మాటన్నారు. చచ్చేదాకా మర్చిపోను.

"ఎందుకైనా మంచిది, మా వంతు మాకు ఏసెయ్యమ్మా. వచ్చాంగా."

నిజంగా వేయించుకున్నారు. పనికిరాదని చదివి వినిపించిన మందుని వరసగా నిలబడి వేయించుకున్నారు. నేను వెయ్యనన్నాను. పెద్దడాక్టరు గారు స్వయంగా సిరంజీ పట్టుకుని భార్యకీ, బావమరిదికీ, ఏలియా గారికీ, డ్రైవరుకీ వేసి, తన చేతికి తనే వేసుకున్నారు. ఉత్త నీళ్లయినా సరే, తమకి రావలసిన నీళ్లు ఇంకొకళ్లకి పోకూడదు.

రూతమ్మ స్టూలు మీదే కూర్చుని అంతా చూసింది. వాళ్లు దూది ఒత్తుకుంటూ బయటికి వెళ్లాక నన్ను పిలిచింది.

"సిస్టరమ్మా, మొదటి రోజు నువ్వు నా బుడ్డిని ఊపి ఊపి సూశావు. ఏందో సూత్తంది అనుకున్నా. ఏం కనపడింది నీకు?"

ఆరో బుడ్డి ఇంకా నా చేతిలోనే ఉంది. కిటికీ వైపు తిప్పి ఆమెకి చూపించాను. నలుసులు మెల్లగా అడుక్కి దిగుతున్నాయి.

"ఇదే రూతక్కా," అన్నాను. "ఇదే కనపడింది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆ బుడ్డి వంక చూసి, జాకెట్టు చెయ్యి కిందికి దించుకుంది.

"అయితే నా గ్లౌజులు నాకిప్పియ్యి," అంది.

గుమ్మం దగ్గరే ఉన్న ఏలియా గారు వెనక్కి తిరిగారు. "ఈ కళ్లతో పనెట్టా చేత్తావే? ఇప్పుడెందుకు నీకు గ్లౌజులు?"

"నాకు కాదయ్యా. రేపట్నించి నా ఆడబిడ్డ ప్రమీలమ్మని రమ్మన్నారంటగా. దానికి."

నేను ఏలియా గారి చేతిలోంచి తాళాలు లాక్కున్నాను. బీరువా తెరిచి, ఫైళ్ల కింద నించి గ్లౌజులు లాగాను. ఎండాకాలమంతా ఉండచుట్టి పడి ఉండటంతో రబ్బరు మెత్తబడి, రెండు జతలూ ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. వేళ్లు విడదియ్యబోతే చేతిలోనే చిరిగిపోయాయి. జమాల్ వేసిన ఎర్ర అతుకులు మాత్రం గట్టిగా ఉన్నాయి. రూతమ్మ ఆ ముద్దని అందుకుని, కాసేపు వేళ్లు ఎక్కడున్నాయో వెతికి, వెతికి, కొంగులో మూటకట్టుకుంది.

మర్నాడు నేను నరసరావుపేట బస్సెక్కి కొత్త గ్లౌజులు కొనుక్కొచ్చాను. గోడ మీది కాయితం చింపేసి, ప్రమీలమ్మకి రెండుసార్లు మరగబెట్టే పద్ధతి దగ్గరుండి చూపించాను. రూతమ్మ పద్ధతి అది. నాదని చెప్పుకోలేదు, ఆ మాత్రం బుద్ధి అప్పటికి వచ్చింది. జిల్లా ఆఫీసుకి జరిగిందంతా ఉత్తరం రాశాను. జవాబుగా బొల్లాపల్లికి బదిలీ ఆర్డరు వచ్చింది. పెద్దడాక్టరు గారు కూడా ఒక రిపోర్టు రాశారు. ఆరుగురికి టీకా వేశాం, అయిదుగురు క్షేమం అని. ఆ అయిదుగురిలో ఒక్కరైనా కామెర్ల పేషెంటు సూది ముట్టుకున్నవాళ్లు లేరని మాత్రం రాయలేదు.

రూతమ్మ సెప్టెంబరు రెండో వారంలో పోయింది. దానయ్యలాగే, పొట్ట ఉబ్బి.

మట్టి చెయ్యడానికి ముందు చర్చిలో ప్రార్థన జరిగింది. శవపెట్టె ముందు పెట్టి, పాస్టరు గారు రూతమ్మ గురించి నాలుగు మాటలు చెప్పారు. ఆ తర్వాత నా వైపు చెయ్యి చూపించారు. ఈమె కోసం తన వంతు మందు త్యాగం చేసిన సహోదరి లీలావతి మన మధ్యనే ఉంది, దేవుడు ఆమెని దీవించును గాక, అన్నారు. తలలన్నీ నా వైపు తిరిగాయి. ముందు బెంచీలో ఏలియా గారు మళ్లీ తలూపారు.

ఇప్పుడు నన్ను తిట్టుకునే చోటు వచ్చింది. మొదటి సూది వేసిన రోజున వాళ్లకెవరికీ మందు గురించి తెలియదు. తెలుసుకునే తెలివి లేదు, అడిగే అలవాటు లేదు. నేను చూశాను. నా కళ్లతో చూసి, నా గొప్ప చెడిపోకుండా ఉండటానికి చెడిపోయిన మందు పొడిచాను. ఆమె చేతుల్నించి గ్లౌజులు తీయించింది కూడా ఏలియా కాదు, నేను. ఆయన అడిగితే ఆమె ఇవ్వలేదు. నేను చెబితే ఇచ్చింది.

లేచి నిలబడ్డాను. "పాస్టరు గారూ, నేనేం త్యాగం చెయ్యలేదు," అన్నాను. అందరికీ వినపడింది. "ఆ మందు విరిగిపోయి ఉంది. నేను చూశాను. చూసి కూడా రూతక్కకి వేశాను. గ్లౌజులు ఇచ్చెయ్యమని కూడా నేనే చెప్పాను."

ఎక్కడో ఒక పిల్ల ఏడుస్తుంటే తల్లి ఊరుకోబెట్టింది. పెట్టె పక్కన కూర్చున్న ప్రమీలమ్మ తలెత్తి నా వంక చూసింది. పాస్టరు గారు బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

ఏలియా గారు లేచి పాట నంబరు చెప్పారు. అందరూ పాటల పుస్తకాలు తెరిచారు.